కనురెప్పల బరువు

మేబుల్‌థోర్ప్ టౌన్ హాల్లో హీటర్ పనిచేయడం లేదు.
మార్చి నెల సముద్రగాలి కిటికీ సందుల్లోంచి దూరి
మా అందరికంటే ముందే ముందువరస కుర్చీల్లో కూర్చుంది.
గోడ మీద నేను గీసిన బొమ్మ:
పందొమ్మిది మీటర్ల రాకాసి.
నోరు తెరిస్తే ఇరవై నలుగుర్ని మోసే రైలు లోపలికి,
పొట్టలో మూడు మలుపులు,
ఆ తర్వాత వెలుగు.

నా పని దాని దవడ.
కీలుకి ఎంత ఉక్కు కావాలి,
ఈదురుగాలి కొడితే తల నిలుస్తుందా ఊడుతుందా,
ఆ లెక్క నాది.
భయం లెక్క నాది కాదని
ఒప్పందం నాలుగో పేజీలో ఉంది.

హిలరీ పాస్క్ లేచింది. కవలల తల్లి.
"ఇది పిల్లల పార్కు.
గాడిద సవారీ, టీకప్పులు, పీచుమిఠాయి.
మా వాళ్ళు అర్ధరాత్రి బాత్రూమ్‌కి వెళ్ళాలంటే నన్ను లేపుతారు.
రేపట్నుంచి కర్టెన్ తీస్తే ఆ పళ్ళే కనబడితే?"
చప్పట్లు.

పార్కు యజమాని డెస్మండ్ లాస్కీ
టోపీని చేతుల్లో పిండుతూ అన్నాడు:
"పదేళ్ళు దాటిన పిల్లలు గేటు దాకా వచ్చి
లోపలికి చూసి నవ్వి పోతున్నారు.
ముద్దొచ్చే బొమ్మలతో కరెంటు బిల్లు కట్టలేను."
చప్పట్లు లేవు. రెండు మూడు దగ్గులు.

ముప్పై ఏళ్ళుగా టీకప్పులు తిప్పే క్లిఫ్
లేవకుండానే అన్నాడు:
"నా కప్పుల్లో ఏడ్చినంతమంది ఇంకెక్కడా ఏడవలేదు.
పువ్వులు వేసి ఉంటాయి కదా,
ఎవరూ ఫిర్యాదు చెయ్యరు."

ఇంజనీరు ఏమంటారని నన్నడిగారు.

నాకు అనకాపల్లి గుర్తొచ్చింది, దసరా.
డప్పు వినగానే మంచం కిందికి దూరేదాన్ని,
ముద్ద మింగకపోతే పులికి పట్టిస్తానని
అత్తయ్య బెదిరించేది మరి.
ఒక మధ్యాహ్నం కిరాణాకొట్టు వెనక
పులివేషగాడు ఒంటరిగా నిలబడి ఉన్నాడు.
చెమటకి పసుపురంగు కరిగి
చారలు మోకాళ్ళ దాకా జారాయి.
కొట్టువాడు గోళీసోడా కొట్టాడు.
ఆ కీచుమన్న చప్పుడుకి
పులి ఉలిక్కిపడింది.

ఆ తర్వాత పులికి భయపడలేదు నేను.
పులి ఎక్కడ భయపడుతుందోనని భయపడ్డాను.

ఇదంతా ఇంగ్లీషులో ఎలా చెప్పను?
ఉలికిపాటుకి వాళ్ళ దగ్గర మాట ఉంది,
గోళీసోడా కొట్టిన చప్పుడుకి లేదు.
"దవడకి ఏదైనా అడ్డొస్తే
అరసెకనులోపే ఆగిపోతుంది" అన్నాను.
రాసుకున్నారు.

అప్పుడు హిలరీ కవలల్లో ఒకత్తె, మార్నీ,
కుర్చీ ఎక్కి అడిగింది:
"నోట్లోంచి లోపలికెళ్తే
ఎక్కణ్ణుంచి బయటికొస్తాం?"

నేను బొమ్మకేసి చూశాను.
డెస్మండ్ బొమ్మకేసి చూశాడు.
తోక కింద తలుపు గీసింది నేనే,
ఆ సంగతి ఆ క్షణం దాకా తట్టలేదు.
ముందు క్లిఫ్ నవ్వాడు, తర్వాత హాలంతా,
చివరికి హిలరీ, నోటికి స్కార్ఫు అడ్డం పెట్టుకుని.

అయినా ఓట్లు సరిసమానం.
రాకాసి వద్దనీ అనలేక, కావాలనీ అనలేక
పెద్దమనుషులు ఒక దారి వెతికారు:
మధ్యాహ్నం దాకా రాకాసి నిద్రపోవాలి.
పసిపిల్లలు ఇళ్ళకి వెళ్ళాకే కళ్ళు తెరవాలి.
గేటు దగ్గర ఒక కొలబద్ద,
నూటఇరవై సెంటీమీటర్లు.
అంత పెరిగితేనే భయపడే అర్హత.

"తోక సంగతి?" అన్నాడు క్లిఫ్.
దాన్ని వచ్చే సమావేశానికి వాయిదా వేశారు.

ఇప్పుడు రాత్రి. సముద్రం ఎదురుగా అద్దెగది.
కనురెప్పలు కొత్తగా లెక్కవేస్తున్నాను.
ఒక్కోటి నలభై ఒక్క కిలోలు,
ఉప్పుగాలికి తుప్పు పట్టని కీళ్ళు, రెండు మోటార్లు.
ఎంత వేగంగా తెరుచుకోవాలో
ఎవరూ చెప్పలేదు.

టప్పున తెరిస్తే ఊరు జడుసుకుంటుంది.
మరీ మెల్లగా తెరిస్తే జబ్బుచేసినట్టుంటుంది.
బడికి లేపితే ముందు ఒక కన్ను,
మళ్ళీ మూసి, తర్వాత రెండూ
తెరిచే పిల్ల ఒకతె మనసులో మెదిలింది.

పదకొండు సెకన్లు, అని రాశాను.
కారణం అనే గడి
ఖాళీగా వదిలేశాను.